రెండు పేజీల మౌలాబీ

మా షాపుకు ఏ కంప్యూటరు వచ్చినా, దాని జబ్బు ఏదైనా, నా దగ్గర ఒకటే మందు ఉండేది: ఫార్మాట్. లోపలున్నదంతా తుడిచేసి, కొత్తగా విండోస్ వేసి, ఒక సినిమా పాట పెట్టి వినిపిస్తే గిరాకీ సంతోషంగా మెట్లు దిగిపోయేవాడు. కర్నూలు పాతబస్టాండు దగ్గర మేడమీద గదిలో ఆరేళ్లుగా ఇదే వైద్యం. కింద మా నాయన రామసుబ్బయ్యది కిరాణా అంగడి. "పైన మావాడు కడుగుతాంటాడు, కింద నేను తూకమేస్తాంటా" అని వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. నాకు కోపం తొందరగా వస్తుంది, తప్పు నాదైనప్పుడు మరీ తొందరగా వస్తుంది. ఈ సంగతి చెప్పేముందే అది చెప్పుకోవడం మంచిది.

2009 జనవరి చివర్లో అల్లా బాషా, ఆయన కూతురు శిరీన్ మా మెట్లెక్కి వచ్చారు. కోసిగి నుంచి ఎమ్మిగనూరు మీదుగా మూడు గంటల బస్సు. ఆయన పరుపులు కుట్టే మనిషి. బస్సెక్కే ముందు దులుపుకున్నా చొక్కా భుజాల మీద దూది అంటుకునే ఉంది. పిల్లకు పంతొమ్మిదేళ్లుంటాయి. నాయన మోచెయ్యి పట్టుకుని, తల బాగా కుడివైపుకు తిప్పి, ఎడమకన్నుతో నన్ను వెతుక్కుంటున్నట్టు చూసింది.

బాషా చేతిసంచిలోంచి తువ్వాలులో చుట్టిన ల్యాప్‌టాప్ తీసి బల్లమీద పెట్టాడు. "శెట్టీ, ఇది మూగదప్పా. దీనికి మాటలు తెప్పించల్ల."

తెరిచి చూశాను. పేరు కూడా వినని కంపెనీ. విండోస్ లేకుండా, లినక్స్ వేసి తక్కువ ధరకు అమ్మే రకం. లినక్స్ అంటే అదీ ఒక సిస్టమే, కాకపోతే ఉచితం. మాలాంటి షాపుల వాళ్లకు అది రాదు. రాదని ఒప్పుకోవడం అసలే రాదు. నేను మామూలు మాటే అన్నాను. "దీన్ని తీసేసి విండోస్ వేస్తే గంటలో పాటలు పాడుతుంది."

"వద్దన్నా," అంది శిరీన్ వెంటనే. "సిస్టం మార్చొద్దు. సౌండు ఒకటి తెప్పిస్తే చాలు."

అప్పుడు చెప్పింది. కుడికన్ను పోయి రెండేళ్లయింది. ఎడమకంటి నరం కూడా ఎండిపోతోంది. చిన్న గుండ్రంలోంచి మాత్రం కనిపిస్తుంది. హైదరాబాదులో డాక్టర్లు ఎండాకాలం దాకా అన్నారు. ఆ ఆసుపత్రిలోనే చూపులేని వాళ్లకు కంప్యూటరు నేర్పే ఒక సారున్నాడు, ఆయనకూ చూపు లేదు. తెరమీద ఏముందో కంప్యూటరే పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉందట. విండోస్‌లో దాన్ని కొనాలంటే ఈ ల్యాప్‌టాప్ కంటే ఎక్కువవుతుంది, లినక్స్‌లో ఊరికే వస్తుంది. సారు కూర్చుని అంతా వేసిచ్చాడు. అన్నీ పనిచేస్తున్నాయి, స్పీకరు మాత్రం పలకడం లేదు. సరిచేయించుకునేలోపు రైలు టైమైపోయింది.

"కన్ను ఉన్నప్పుడే దానికి అలవాటు పడల్లన్నా. ఆ గొంతు వింటా, తెర చూస్తా, రెండూ కలిపి నేర్చుకోవల్ల. అదీ గాక లోపల నేను రాసుకున్నది ఒకటి ఉండాది. అది పోగూడదు."

"ఏం రాసుకున్నావేంది? ప్రేమలేఖలా?" అన్నాను. వాళ్ల నాయన ముందరే అన్నాను. నా నోరు అలాంటిది.

శిరీన్ ఏమీ అనుకోలేదు. "మా అమ్మ మొగం," అంది.

నేను బాషా వైపు చూశాను. ఆయన తువ్వాలు మడతపెడుతున్నాడు.

"ఆ సారుకు కండ్లు పోయి పన్నెండేండ్లు," అంది శిరీన్. "ఆయన చెప్పినాడు, మొగాలు మర్సిపోతాం తల్లీ, నా పెండ్లాము మొగం నాకిప్పుడు మతికి రాదు, కనపడేటప్పుడే రాసిపెట్టుకో, అని. మా అమ్మ గుంటూరుకు మిరపకాయలు కోసేదానికి పోయింది, ఉగాది దాటినాకనే వచ్చేది. పోకముందు రెండు దినాలు వాకిట్లో వెలుతుర్లో కూసోబెట్టుకుని, చూసి చూసి రాసిన. రెండు పేజీలు. అమ్మ వచ్చేసరికి నాకు కనపడుతుందో లేదో. కనపడకపోయినా ఈ గొంతు చదివి వినిపిస్తాది గదా."

తెలుగు అక్షరాలు టైపు చేయడం ఆ పిల్లకు రాదు. మనం సెల్‌ఫోన్లో మెసేజీలు రాసినట్టు, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. హైదరాబాదులో సారు తన మిషన్లో రెండు మాటలు చదివించి చూపించాడట. దొర కలెక్టరు తెలుగు మాట్లాడినట్టుందని చెప్పి నవ్వింది. ఆమె నవ్వడం ఆరోజు ఆ ఒక్కసారే చూశాను.

"లోపలిది ఏదీ పోదు. నాది పూచీ. గురువారం రండి," అన్నాను.

వాళ్లు పోయాక కూర్చున్నాను. లినక్స్‌లో ఏదైనా బాగుచేయాలంటే నల్లటి తెర తెరిచి ఇంగ్లీషులో ఆజ్ఞలు కొట్టాలి. నాకు తెలిసింది మౌసూ, డ్రైవర్ సీడీ. నెట్‌లో చూసి నాలుగు ఆజ్ఞలు కొట్టాను. సౌండుకార్డు ఉందంటుంది, బాగుందంటుంది, చప్పుడు మాత్రం రాదు. ఒక తెరలో నిలువు గీతలు వరుసగా కనిపించాయి, వాటికింద ఏవో అక్షరాలు. అర్థంకాక మూసేశాను. స్క్రూలు విప్పి స్పీకరు వైర్లు చూశాను, బాగానే ఉన్నాయి. సాయంత్రానికి ఆ ల్యాప్‌టాప్ నన్ను వెక్కిరిస్తున్నట్టనిపించింది. కిందికి దింపి, టేబులు కింద రిపేరు డబ్బాల వెనక పెట్టాను.

గురువారం బాషా ఒక్కడే వచ్చాడు. "సామాను హైదరాబాదు నుంచి రావాలి," అన్నాను. ఏ సామానూ లేదు, ఏదీ రావాల్సిన పని లేదు. మా షాపుల్లో ఆ మాట రోజుకు పదిసార్లు అంటాం. ఆయన తలూపి పోయాడు. తర్వాతి గురువారమూ అంతే. మూడోసారి వచ్చినప్పుడు చంకలో ఒక దిండు ఉంది, కొత్త గుడ్డ, కొత్త దూది. "పొద్దుగూకులూ ఆ చెక్కకుర్చీలో కూసుంటాండావు, నడుము పోతాదప్పా. ఏసుకో," అని తనే కుర్చీలో సర్ది, నన్ను కూర్చోబెట్టి చూసుకున్నాడు. మెత్తగా ఉంది. "పాపకు శానా ఆత్రంగా ఉండాది శెట్టీ. నిన్నటి దినం చెంబు అనుకుని దీపం పట్టుకుంది. శివరాత్రి అయినాక పిల్చుకోనొస్తా, ఆపొద్దుకు చేసి పెట్టు" అన్నాడు.

ఆ దిండు మీద కూర్చుని నేను తీర్మానం చేసుకున్నాను. విండోస్ వేసేద్దాం. సౌండు వస్తుంది. చదివి వినిపించే ప్రోగ్రాముకు దొంగ సీడీ ఎక్కడో ఒకచోట దొరక్కపోదు. రాసుకున్నది ముందే పెన్‌డ్రైవులోకి తీసిపెట్టుకుంటే పిల్లకు నష్టమేముంది? సిస్టం మార్చొద్దని ఆమె అన్న మాట గుర్తుంది. అది తెలియక అన్న మాటని సర్దిచెప్పుకున్నాను. తెలియనిది నాకు.

శివరాత్రి మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరిచాను. తెరమీద ఒకే ఒక ఫైలు, 'అమ్మ' అని పేరు. తెరిచి చూశాను కూడా. పెద్ద అక్షరాలతో రెండు పేజీలు నిండుగా ఉంది. చదవలేదు. పరుల రాతలు చదవకూడదనే పెద్దమనిషితనం కాదు, ఇంగ్లీషు అక్షరాల తెలుగు చదివే ఓపిక లేక. పెన్‌డ్రైవు పెట్టి కాపీ కొట్టాను. పేరు అందులో కనపడింది. కింద నాయన ఎవరితోనో గొడవ పడుతున్నాడు, కరెంటు తొమ్మిదికి పోతుంది. పెన్‌డ్రైవు పీకి జేబులో వేసుకుని ఫార్మాట్ కొట్టాను.

పీకేముందు దానికి చెప్పి పీకాలట. ఆ సంగతి తర్వాత నెట్‌లో చదివాను. లినక్సు కాపీ కొట్టగానే పేరు చూపిస్తుంది గానీ అసలు సరుకు వెంటనే రాయదు. కాసేపు తన దగ్గరే పెట్టుకుని తీరిగ్గా రాస్తుంది. తీసేస్తున్నానని చెబితే అప్పుడు మిగిలిందంతా గబగబా రాసి, ఇక తీసుకో అంటుంది. విండోస్‌తో ఆరేళ్లు సంసారం చేసినవాణ్ణి, నేను ఏనాడూ ఏ పెన్‌డ్రైవునూ చెప్పి పీకలేదు. మా బజారులో ఎవరూ చెప్పి పీకరు.

పన్నెండింటికి తండ్రీ కూతుళ్లు వచ్చారు. నేను దర్జాగా పాట పెట్టాను. సౌండు గదంతా నిండింది. బాషా రెండు చేతులూ పైకెత్తి, "మూగది పాడిందప్పా!" అని నన్ను కావలించుకున్నాడు. ఆయన ఒంటిమీది దూది నా చొక్కాకు అంటింది.

శిరీన్ మొహంలో మాత్రం సంతోషం లేదు. "తెర రంగు మారిందేమన్నా?" అంది.

"అదంతా సెట్టింగులే. నీ రాత భద్రంగా ఉంది, చూడు." పెన్‌డ్రైవు పెట్టి ఫైలు తెరిచాను.

తెర తెల్లగా ఉంది.

మళ్లీ మూసి తెరిచాను. తెలుపే. ఫైలు ఎంత ఉందో చూస్తే సున్నా. పేరుంది, లోపల ఒక్క అక్షరం లేదు. శిరీన్ కుర్చీ ముందుకు జరుపుకుని, తల తిప్పి, ఎడమకన్ను దాదాపు తెరకు ఆనించి చూస్తోంది. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మెల్లగా వెతికింది. పైనుంచి కిందిదాకా వెతికింది.

"అన్నా," అంది చివరికి. "నాకేమీ కనపడ్డంలేదు. తెల్లగా ఉండాది. నా కన్నేనా? ఇందులో అక్షరాలు ఉండాయా?"

నేను ఆ తెల్లటి తెర చూస్తూ, "ఉన్నాయమ్మా," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆలోచించి అన్నది కాదు. ఎవడో కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టుకుంటామే, అలా వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవచ్చు. ఒక్క క్షణం చాలు. తీసుకోలేదు. బాషా గోడ పట్టుకుని నిలబడ్డాడు. శిరీన్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "సరేలే. నా కంటికి అక్షరాలు పోయినాయి. లోపల ఉండాయి గదా, అదే చాలు," అంది. ఏడవలేదు. ఏడ్చింది వాళ్ల నాయన. చదివి వినిపించే ప్రోగ్రాము ఇంకా వేయాలని, నాలుగు రోజులు ఉంచిపొమ్మని చెప్పాను. ల్యాప్‌టాప్ నాకే వదిలి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలియలేదు.

ఆరోజు నుంచి నేను వేరే పని ముట్టలేదు. పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు, కొన్నవీ దొంగవీ, ఎన్ని దొరికితే అన్ని వేశాను. ఎవడి పాత ఫోటోలో, సిస్టం చెత్తో తప్ప ఏమీ దొరకలేదు. ఆ రెండు పేజీలు ఉన్న చోటు మీద నేనే విండోస్ పోసి తొక్కేశాను. వారం తర్వాత ఆశ వదులుకుని, మళ్లీ లినక్స్ వేసి, ఆ సారు వేసిన ప్రోగ్రామే వెతికి వేశాను. స్పీకరు మళ్లీ మూగబోయింది.

ఈసారి సిగ్గు విడిచి, లినక్స్ తెలిసినవాళ్లు రాసుకునే ఒక ఫోరంలో నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. ఎవరో తెలియని పుణ్యాత్ముడు ఒకే ఒక వాక్యం రాశాడు. నిలువు గీతల తెర తెరువు, స్పీకరు గీత కింద రెండు ఎం అక్షరాలు ఉంటాయి, నోరు మూసి ఉందని గుర్తు, ఎం ఒకసారి నొక్కు. నొక్కాను. స్పీకరు పలికింది. జనవరిలో మొదటిరోజే నేను చూసిన తెర అది. ఆ అక్షరాలు కూడా చూశాను. ఏదో కంపెనీ గుర్తనుకుని మూసేశాను. ఒక్క మీట. తలను బల్లకేసి కొట్టుకున్నాను, నిజంగానే కొట్టుకున్నాను. కింద నుంచి మా నాయన "ఏందిరా ఆ సప్పుడు?" అని అరిచాడు.

మార్చి మొదట్లో బాషా వచ్చాడు. సౌండు వినిపించాను. ఈసారి కావలించుకోలేదు, దిండు సర్ది కూర్చోమన్నా నిలబడే ఉన్నాడు.

"చూపు శానా తగ్గింది శెట్టీ. మనుషులు ఇంకా తెలుస్తాండారు. దగ్గరికి పోతే నా మొగం పోలుస్తాంది. మౌలాబీకి, అదే పాప వాళ్లమ్మకు, కబురు చేసి పిలిపిద్దామా తల్లీ, ఒక్కసారి చూసుకుందువు, అంటి. వద్దంటాంది. రాసిపెట్టుకున్న గదా నాయనా, కోత నడిమధ్యలో పని ఇడిచిపెట్టి రావడమెందుకు, అంటాది."

విన్నాను. ఒక్కొక్క మాటా స్పష్టంగా విన్నాను. చెప్పాల్సింది నోటిదాకా వచ్చింది. 'పిలిపించు బాషా, ఇవాళే పిలిపించు, లోపల ఏమీ లేదు.' పది మాటలు కూడా లేవు. కానీ ఆ మాట అంటే, ఆరోజు తెర తెల్లగా ఉండగానే ఉన్నాయన్నానని కూడా చెప్పాలి. గోడ పట్టుకుని ఈ మనిషి ఏడ్చింది ఊరికేనని చెప్పాలి. నాకు ధైర్యం చాలలేదు. దానికి బదులు నాకు ఒక తెలివి పుట్టింది. పాడు తెలివి.

"ఇంతకూ మీ ఆమె ఎట్లుంటుంది?" అని అడిగాను, మాటవరసకు అడిగినట్టు.

బాషా సిగ్గుపడ్డాడు. "ఎట్లుంటాది? ఆడమనిషి మాదిరి ఉంటాది."

"అట్లా కాదు. పొడుగా, పొట్టా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, నావైపు చూడకుండా ఒక్కొక్కటే చెప్పాడు. చామనచాయ. ముక్కుకు ఎర్రరాయి పుడక, పెళ్లప్పుడు తను కొన్నది. నుదురు వెడల్పు. కోపం వస్తే కనుబొమలు కలిసిపోతాయి. మెడలో నల్లపూసలు. కుడిచెంప మీద ఆవగింజంత మచ్చ. "ఇంకా యాలప్పా ఇదంతా?" అన్నాడు. ప్రోగ్రాముకు కావాలన్నాను. ప్రోగ్రాము అన్న మాటకు బీదవాళ్లు ఎదురు చెప్పరు. రేషన్‌కార్డు మీద అందరూ కలిసి దిగిన ఫోటో ఉంటే అడిగి తీసుకుని, భూతద్దం పెట్టి చూశాను. ల్యాప్‌టాప్ ఇంకా నాలుగు రోజులు నా దగ్గరే ఉంచుకుంటానన్నాను.

నాలుగు రోజులు నెల దాటాయి. శిరీన్ రాసినట్టు రాయడానికి కూర్చున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఆమె మాట తీరులో. రాసేది, చెరిపేది. ఏది రాసినా పోలీసు స్టేషన్లో తప్పిపోయిన మనిషి ఆనవాళ్లలా ఉండేది. ఉగాది పోయింది. ఒకరోజు బాషా కోసిగి నుంచి ఫోను చేసి, "పూర్తిగా చీకటైపాయప్పా," అని పెట్టేశాడు. ఏప్రిల్ రెండో వారానికి ఎలాగో రెండు పేజీలు చేసి, ఫైలుకు ఆ పాత పేరే పెట్టి, కోసిగి బస్సెక్కాను. గిరాకీ ఇంటికి సరుకు పట్టుకుపోవడం నా జన్మలో అదే మొదలు.

మిట్టమధ్యాహ్నం. ఊళ్లో చాలా ఇళ్లకు ఇంకా తాళాలే ఉన్నాయి, వలస పోయినవాళ్లు అందరూ తిరిగి రాలేదు. మౌలాబీ మాత్రం అప్పటికే వచ్చేసింది. వాకిట్లో పీటమీద కూర్చుని, మిరపకాయలకు మండిన చేతులకు నూనె రాసుకుంటోంది. ముక్కున ఎర్రరాయి పుడక, కుడిచెంప మీద మచ్చ. బాషా చెప్పినవన్నీ ఉన్నాయి. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"పాపకు మాటలు తెచ్చినావంట. సల్లగుండు నాయనా," అని లేచి చెంబుతో నీళ్లిచ్చింది.

శిరీన్ లోపల పరుపు మీద కూర్చుంది. తల ఇప్పుడు పక్కకు తిప్పడం లేదు. ఎటూ తిప్పడం లేదు. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టి, చెయ్యి పట్టుకుని మీటలు చూపించబోయాను. అక్కర్లేకపోయింది. సారు నేర్పింది వేళ్లకు గుర్తుంది. ఒక మీట నొక్కగానే దొర గొంతు ఏదో పలికింది. ఆమె మొహం విచ్చుకుంది. "వచ్చింది! నాయనా, వచ్చింది!" బాషా గుమ్మంలోనే కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె వెతుక్కుంటూ, వింటూ, తనే ఫైలు దాకా పోయింది. "అమ్మా, నువ్వూ రా. నీ గురించే."

దొర చదవడం మొదలుపెట్టాడు. ఆమ్మా ముకూకి ఎర్రా రాయీ. ఆమ్మా నూదూరూ వేడల్పూ. వింటూ వింటూ మౌలాబీకి నవ్వు ఆగలేదు. "ఏందే ఇది, ఈయప్ప నన్ను పిలుస్తాండాడా తిడతాండాడా?" అని నవ్వుతూ, చటుక్కున కుడిచేతి వెనకవైపు నోటికి అడ్డం పెట్టుకుంది. పైవరసలో ఒక పన్ను సగానికి విరిగి ఉంది. అది కనపడకుండా అలా పెట్టుకుంటుందన్నమాట. రేషన్‌కార్డు ఫోటోలో ఆమె నవ్వలేదు. బాషా చెప్పలేదు. నేను శిరీన్ వైపు చూశాను. ఆమె మొహంలో వెలుగు తగ్గిపోతూ వచ్చింది. దొర చివరిదాకా చదివి ఆగాడు.

"ఇది నేను రాసింది కాదు," అంది.

మౌలాబీ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి దించింది.

"ఇది నాయన చెప్పిన అమ్మ. ఎర్రరాయి పుడక నాయనకే గొప్ప. నేను మొదలుపెట్టిందే అమ్మ నవ్వు కాడ. పన్ను, చెయ్యి అడ్డం పెట్టుకునేది, అప్పుడు కండ్లు ఎట్లయితాయో అది. అదేం లేదు దీంట్లో." చెయ్యి మీటల మీంచి తీసింది. "అన్నా, ఆపొద్దు మీ అంగట్లో తెల్లగా కనపడింది. అది నా కన్ను కాదు గదా?"

"కాదు," అన్నాను. "నీ కన్ను బాగానే ఉండింది. ఫైలు నేను పోగొట్టాను. ఉందని అబద్ధం చెప్పాను."

నన్ను తిడతారని చూశాను. తిడితే బాగుండునని చూశాను. బాషా నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. నేనెవరో అప్పుడే కొత్తగా తెలిసినట్టు చూస్తున్నాడు.

"ఆపొద్దే చెప్పింటే అమ్మను రమ్మనేదాన్ని," అంది శిరీన్ మెల్లగా. "దాని తర్వాత ఇంకా ఇరవై దినాలు మనుషులు కనపడినారు నాకు. రాసింది ఉండాది గదా అని నేనే వద్దంటి. దాంట్లో ఏం రాసిననో కూడా ఇప్పుడు రెండు మూడు మాటలే మతిలో ఉండాయి. మతిలో పెట్టుకునే పని లేదనే గదా రాసుకునేది."

మౌలాబీకి అంతా అర్థమైందో లేదో. కూతురి పక్కన కూర్చుని, నూనె చేతులతో ఆమె చేతిని తీసి తన చెంపమీద పెట్టుకుంది. శిరీన్ వేళ్లతో చెంపంతా తడిమింది. మచ్చ దగ్గర ఆగింది. నోటి దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు ఇప్పుడు నవ్వడం లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను మళ్లీ రాస్తానమ్మా," అన్నాను. "మీ అమ్మ ఎదురుగానే ఉంది గదా. చూసి రాస్తాను. పన్నూ రాస్తాను, నవ్వూ రాస్తాను."

"వద్దన్నా. అది నువ్వు చూసింది అయితాది." ల్యాప్‌టాప్ నావైపు జరిపింది. "ఇప్పుడు రాసింది కూడా తీసెయ్. ఉంటే రోజూ వింటా. వినీ వినీ రేపు ఒకనాటికి ఇదే మా అమ్మ అనుకుంటా."

తీసేశాను. తుడిచేయడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు, ఆరోజు వేలు మీట మీద చాలాసేపు ఉండిపోయింది.

"పోయిందా?" అంది.

"పోయింది."

శిరీన్ నా జవాబు తీసుకోలేదు. ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, మీటలు తడుముకుంటూ, ఆ చోటుకు తనే పోయి వింది. ఏమీ లేదని దొర గొంతు చెప్పింది. అప్పుడు తలూపింది.

బాషా నన్ను బస్టాండు దాకా సాగనంపడానికి లేవలేదు. మౌలాబీ గుమ్మం దాకా వచ్చి, ఎండలో జాగ్రత్తగా పొమ్మని చెప్పింది. ఆ దిండు ఇప్పటికీ షాపులో ఉంది, బీరువా మీద పెట్టాను. నేను చెక్కకుర్చీలోనే కూర్చుంటున్నాను.